పదమూడో నెల

"నా రంగులేవి?"

ఆ అమ్మాయి అతనితో మాట్లాడిన మొదటి మాట అదే. నమస్కారం లేదు, మంచినీళ్ళు కావాలా అన్న మర్యాద లేదు. కళ్ళజోళ్ళ షాపు మేడ మీద, కిటికీ పక్కనున్న చిన్న అకౌంట్స్ గదిలో, భోజనం డబ్బా చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది.

ఆమె కుర్చీలో కూర్చుని ఉన్నవాడు సాఫ్ట్‌వేర్ కంపెనీ తరఫున వచ్చాడు. షాపుల్లో జమాఖర్చులు చూసుకునే సాఫ్ట్‌వేర్ పెట్టడం, పాత ఎక్సెల్ షీట్లలో ఉన్న బ్యాంకు లావాదేవీలన్నీ అందులోకి ఎక్కించడం అతని పని. ఓనరు కానివ్వమన్నాడు కదా అని, ఆమె భోంచేసి వచ్చేలోపు ఆమె షీటును ఇంపోర్ట్‌కి పనికొచ్చే సాదా ఫైలుగా మార్చి సాఫ్ట్‌వేర్‌లో పడేశాడు. మెచ్చుకుంటుందనే అనుకున్నాడు పాపం.

"ఏ రంగులండీ?"

"ఏ రంగులంటారేంటి! పసుపు, ఆకుపచ్చ, నారింజ, గులాబీ. నేను కిందికి వెళ్ళేటప్పుడు షీటు కళకళ్లాడుతూ ఉంది. ఇప్పుడు చూడండి, జ్వరం తగిలినదానిలా ఎలా పాలిపోయిందో!"

"ఓ, అవా! సాఫ్ట్‌వేర్‌కి రంగులు తెలీవండి. తేదీ, వివరం, మొత్తం, అంతే."

"మరి మీకు?"

"నాకు తెలుసండీ."

"తెలిస్తే అడగాలి కదా! రెండేళ్ళు వరసకో రంగు వేసుకుంటూ వచ్చాను నేను. దేనికేం అర్థమో ఆ రంగుల్లోనే ఉంది. ఎవరినడిగి ముట్టుకున్నారు?"

అసలు షీటు ఎక్కడికీ పోలేదని, అందులో రంగులన్నీ భద్రంగా ఉన్నాయని తెరిచి చూపించేదాకా ఆమె ఊపిరి పీల్చుకోలేదు. తర్వాత మాత్రం తెర మీద ఎర్రటి అక్షరాలు చూసి కనుబొమలు ఎగరేసింది.

"సగానికి పైగా వరసలు రిజెక్ట్ చేసింది మీ సాఫ్ట్‌వేర్. తేదీ చెల్లదట. నా తేదీలకేం రోగం?"

"అది నెల ముందు, రోజు తర్వాత అనుకుంటోందండి. మీరేమో రోజు ముందు రాశారు. పదమూడో తేదీ కనిపిస్తే పదమూడో నెల అనుకుని బయటికి తోసేస్తోంది."

"పదమూడో నెలా! అయితే ఆ నెల జీతం కూడా ఇస్తుందేమో కనుక్కోండి."

అతను ఫక్కున నవ్వాడు. ఆమె నవ్వలేదు గాని, నవ్వకుండా ఉండటానికి కిటికీ వైపు తిరగాల్సి వచ్చింది. దానికి మందు ఒక్క క్లిక్కేనని, ఇంపోర్ట్ పేజీలో ఒక చిన్న గడి ఉంటుందని, నొక్కితే 'రోజు ముందు', 'నెల ముందు' అని రెండు మాటలు దిగుతాయని చెప్పబోతున్నాడు. ఇంతలో కింది నుంచి ఓనరు పిలిచాడు.

ఓనరంటే పరాయివాడు కాదు, ఆ అమ్మాయికి సొంత పెదనాన్న, వాళ్ళ పెద్దమ్మ భర్త. కంటి పరీక్ష గదిలోకి అతన్ని తీసుకెళ్ళి, తలుపు దగ్గరగా వేసి, అక్షరాల బోర్డు పక్కన నిలబడి గొంతు తగ్గించాడు.

"ఎన్నాళ్ళు పట్టొచ్చు బాబూ?"

"రంగులు కూడా రకాలుగా మార్చి ఎక్కించాలండి. రెండు, మూడు వారాలు."

"కానివ్వండి. అది అయిపోయాక పైనున్న అమ్మాయిని మానిపించేద్దామని. మా మరదలి కూతురే. తండ్రి పోయాడని చేరదీశాను, ఏదో వ్యాపకం ఉంటుందని కూర్చోబెట్టాను. ఇంట్లోవాళ్ళకి జీతం ఇవ్వడం ఉందే, ఒక మాట అనలేం, ఒక పైసా తగ్గించలేం. మా అల్లుడుగారే ఈ సాఫ్ట్‌వేర్ సంగతి చెప్పారు. ఇప్పుడే అమ్మాయితో అనకండి. తెలిస్తే పని సగంలో వదిలేసి పోతుంది."

"అలాగేనండి," అన్నాడతను. అలాగేనండి అనడం అతని ఉద్యోగంలో సగభాగం. పెద్దగా ఆలోచించకుండానే నోటికి వచ్చేసింది.

మర్నాటి నుంచి ఇద్దరూ ఒకే తెర ముందు పక్కపక్కన కూర్చున్నారు. షీటులో 'రకం' అని కొత్త నిలువు గడి చేర్చాలి. ఒక్కో రంగుకీ అర్థం ఆమె చెప్పాలి, అతను దాన్ని మాటగా మార్చాలి.

"పసుపు?"

"అడ్వాన్సు కట్టి కళ్ళజోడు తీసుకెళ్ళనివాళ్ళు."

"నారింజ?"

"లెన్సుల కంపెనీకి డబ్బు వెళ్ళింది, సరుకు రాలేదు. వస్తే ఆకుపచ్చ చేస్తాను."

"ఈ గులాబీ ఏంటండీ, ఇన్ని ఉన్నాయి?"

"అవి పెదనాన్న సొంత ఖర్చులు. షాపు ఖాతాలోంచి ఇంటి ఏసీ కొంటారు, అల్లుడుగారికి బూట్లు కొంటారు. గొడవెందుకని ప్రేమగా గులాబీ వేసి ఊరుకున్నాను."

"రకం ఏమని రాయను? ప్రేమ అని రాయనా?"

"ఇంటిఖర్చు అని రాయండి. ప్రేమ అంటే మీ సాఫ్ట్‌వేర్ చెల్లదంటుంది."

ఆమె అతన్ని 'సాఫ్ట్‌వేర్ గారూ' అని పిలిచేది. అతను 'అకౌంట్స్ గారూ' అనేవాడు. అతని కళ్ళజోడు కమ్మీ విరిగితే చుట్టిన టేపును చూసి చూసి, ఒక మధ్యాహ్నం రెక్క పట్టుకుని కిందికి లాక్కెళ్ళి పరీక్ష కుర్చీలో కూలేసింది. షాపులో పెరిగిన పిల్ల, లెన్సులు మార్చి మార్చి చూపించడం బాగానే వచ్చు.

"కింది వరస చదవండి."

"కనబడట్లేదండీ."

"పైది?"

"పక్కన మీరు నిలబడితే బోర్డెవరు చూస్తారండీ?"

"ముందు చూపు సంగతి తేలనివ్వండి. మిగతావి తర్వాత," అంది గాని, అదే లెన్సు రెండుసార్లు పెట్టింది. వారం తిరక్కుండా అతనికి నల్లటి ఫ్రేముతో కొత్త కళ్ళజోడు వచ్చింది. బిల్లు తన జీతంలో కోయించుకుంది. పెదనాన్న ఊరికే ఇస్తానన్నా ఒప్పుకోలేదు.

"ఇచ్చినప్పుడు తీసుకోవచ్చుగా?" అన్నాడతను.

"మీకు తెలీదు. మేముండే గది ఆయనది. మా అమ్మ మందులు ఆయన కొంటారు. పండక్కి బట్టలు ఆయనే తెస్తారు. చెడ్డవారు కాదు, కాని ఇచ్చిన ప్రతిదీ ఆయనకు గుర్తుంటుంది. ఈ ఉద్యోగం ఒక్కటే నాది. నెలాఖరున కవరు తీసుకునేటప్పుడు ఒక్కసారి తలెత్తి తీసుకుంటాను. అందుకే ఈ షీటంటే అంత ప్రాణం."

చెప్పడానికి అంతకంటే మంచి సమయం మళ్ళీ రాదని అతనికీ తెలుసు. ఆమె కళ్ళలోకి చూశాడు, మాట మింగేశాడు.

చెప్పలేనివాడు ఇంకో ఉపాయం పన్నాడు. పని పూర్తయితే కదా ఆమెను మానిపించేది? పూర్తి కాకపోతే సరి! మర్నాడు ఇంపోర్ట్ చేసేటప్పుడు ఆ చిన్న గడి నొక్కి, ఆమె చూడకుండా 'నెల ముందు' అని పెట్టాడు. తెర మీద ఎర్రటి అక్షరాలు వరసగా దిగాయి.

"మళ్ళీ పదమూడో నెలే!" అని తల పట్టుకుంది ఆమె. "నేనే ఎక్కడో తప్పు కొడుతున్నాను. ఉండండి, ఇంటికి తీసుకెళ్ళి తేదీలన్నీ మళ్ళీ టైపు చేస్తాను."

"తొందరేం లేదండీ," అన్నాడు ఎంతో దయగా.

ఆమె ఉద్యోగాన్ని కాపాడుతున్నానని తనకి తాను చెప్పుకున్నాడు. రోజూ ఆమె పక్కన కూర్చోవడం అతనికి ఎంత హాయిగా ఉందో ఆ లెక్కలోకి తీసుకోలేదు. ప్రేమలో ఉన్నవాడు తనకు తాను చెప్పుకున్నంత తియ్యటి అబద్ధం ఇంకెవరికీ చెప్పలేడు.

వానలు మొదలయ్యాయి. సాయంత్రం షాపు ముందు రేకు పందిరి కింద ఇద్దరూ నిలబడేవారు. ఆమెది పూల గొడుగు, అతనిది లేని గొడుగు. వాన నిజంగా తగ్గినా ఇంకా తగ్గలేదన్నట్టు ఇద్దరూ ఆకాశం వైపు చూసేవారు. వెళ్ళేముందు ఆమె తప్పకుండా ఒక మాట అడిగేది.

"రేపు కూడా రావాలా మీరు?"

"రావాలండీ. ఇంకా అవ్వలేదుగా."

"అబ్బ, ఎంత కష్టం మీకు!" అని నవ్వి గొడుగు విప్పేది. ఆ నవ్వు కోసం అతను ఇంకో వంద వరసలు రిజెక్ట్ చేయించడానికి సిద్ధంగా ఉండేవాడు.

ఒకరోజు ఆమె వస్తూనే కుర్చీ అతని వైపు తిప్పుకుంది.

"ఒక మాట అడుగుతాను, నిజం చెప్పాలి. మా స్నేహితురాలి ప్రింటింగ్ ప్రెస్‌లో అకౌంట్స్‌కి మనిషి కావాలట. జీతం ఇక్కడికంటే ఎక్కువే. సాయంత్రంలోగా చెప్పమంటున్నారు. వెళ్ళనా?"

వెళ్ళు అనాలి. వెళ్ళు, ఇక్కడ నీ కుర్చీ కింద నేల లేదు అనాలి. అయితే ప్రెస్‌లో ఈ కిటికీ ఉండదు, ఈ పక్క కుర్చీ ఉండదు, రేపు రావాలా అన్న ప్రశ్న ఉండదు.

"వద్దండీ," అన్నాడు. "మీరు లేకపోతే ఈ షీటు ఎవరికర్థమవుతుంది?"

"షీటు కోసమేనా?"

"నా కోసం కూడా."

ఆమె మొహం మీదికి ఒక్కసారిగా రంగు ఎక్కింది. ఏ పేరూ లేని రంగు, ఆమె షీటులో లేనిది. అతని ముందే ఫోన్ తీసి స్నేహితురాలితో మాట్లాడింది. "లేదే, ఇక్కడే బాగుంది. పెదనాన్న కూడా నన్ను వదలరు. ఇంకెవరినైనా చూసుకో." ఫోన్ పెట్టేసి, "సరేనా?" అన్నట్టు కళ్ళెగరేసింది. అతను నవ్వుతూ తలూపాడు.

ఆ రోజంతా ఇద్దరికీ పని సాగలేదు. అతని జీవితంలో అంతకంటే మంచి రోజు అంతకుముందు లేదు, ఆ తర్వాతా రాలేదు.

వారం గడిచింది. ఎప్పుడూ మేడ ఎక్కని పెదనాన్న మోకాళ్ళు పట్టుకుంటూ మెట్లెక్కి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. ఆమె లేచి కుర్చీ ఇచ్చింది.

"కూర్చోను గాని, ఒక శుభవార్త. మీ ఇద్దరి సంగతి కింద అందరికీ తెలిసిపోయిందిలే! సిగ్గుపడకు. మీ అమ్మతో మాట్లాడాను, ఆవిడకి ఇష్టమే. నాకూ ఇష్టమే. పెళ్ళి ఖర్చంతా నాది."

ఆమె తలొంచుకుంది. కొంగు కొసను వేలికి చుట్టుకుంటోంది. అతను మాత్రం పెదనాన్న నోరు మూయడానికి ఏం చెయ్యాలో తోచక లేచి నిలబడ్డాడు.

"మీరు కూర్చోండి సార్, మంచినీళ్ళు తెస్తాను."

"ఉండవయ్యా, చెప్పనీ. అమ్మాయ్, నా గుండెల మీద బరువు దిగిపోయిందనుకో. ఈ సాఫ్ట్‌వేర్ అయిపోగానే నిన్ను మానిపించాలి, ఎలా చెప్పాలా అని మథనపడుతున్నాను. ఇప్పుడిక ఇబ్బంది లేదు. పెళ్ళయ్యాక నీకెందుకీ అవస్థ! ఇతనికి మొదటి రోజే చెప్పాను. ఇన్నాళ్ళూ ఒక్క మాట బయటికి పొక్కనివ్వలేదు. అప్పుడే అనుకున్నాను, ఇంటి గుట్టు నిలబెట్టే కుర్రాడు, అల్లుడంటే ఇలా ఉండాలని."

ఆశీర్వదించినట్టు ఆమె నెత్తి మీద చెయ్యి వేసి, అతని భుజం తట్టి, వచ్చినంత సంతోషంగా మెట్లు దిగిపోయాడు.

ఆమె వేలికి చుట్టుకున్న కొంగు విప్పుకుంది.

"మొదటి రోజేనా?"

"చెబుదామని చాలాసార్లు..."

"అడిగినదానికి చెప్పండి. నేను జీతం కవరు గురించి చెప్పిన రోజుకి మీకు తెలుసా?"

"తెలుసు."

"ప్రెస్ వాళ్ళు రమ్మన్నారు, వెళ్ళనా అని అడిగిన రోజుకి?"

అతని చూపు తెర మీదికి జారింది.

"పక్కనే కూర్చున్నారు. నేను ఫోన్లో వద్దని చెబుతుంటే నవ్వుతూ తలూపారు."

"మిమ్మల్ని వదులుకోలేకపోయానండీ. మీరు వెళ్ళిపోతే మళ్ళీ కనబడరేమోనని భయం వేసింది. నేను మిమ్మల్ని నిజంగా..."

"ఆ మాట ఇప్పుడనకండి. మిమ్మల్ని చూస్తే ఇన్నాళ్ళూ ఎంత బాగుండేదో, ఆ మాట వింటే అదీ పోతుంది."

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. తన మంచితనం ఎలాగైనా ఆమెకు తెలియాలన్న ఆత్రంలో అతను ఉన్నదంతా కక్కేశాడు.

"మీ ఉద్యోగం పోకూడదనే పని సాగదీశానండీ! ఆ పదమూడో నెల మీ తప్పు కాదు. నేనే కావాలని పెట్టేవాణ్ణి."

ఆమె తెర వైపు తిరిగింది.

"చూపించండి."

అతను ఇంపోర్ట్ పేజీ తెరిచి చిన్న గడి నొక్కాడు. రెండు మాటలు దిగాయి. ఆమె అతని చేతిలోంచి మౌస్ తీసుకుని 'రోజు ముందు' మీద నొక్కింది. ఎర్రటి అక్షరాలు ఒక్కటీ రాలేదు. రెండేళ్ళ లావాదేవీలు ఒక్క గుక్కలో లోపలికి వెళ్ళిపోయాయి.

"ఇంతేనా!" అంది మెల్లగా. "రాత్రిళ్ళు మా అమ్మ పక్కన కూర్చుని తేదీలు చదివేది. కళ్ళు సరిగా కనబడకపోయినా భూతద్దం పెట్టుకుని చదివేది. నేను టైపు చేసేదాన్ని. ఇంత చిన్న తప్పు ఎందుకు దొరకట్లేదు, నేను పనికిరానిదాన్నేమో అనుకునేదాన్ని. ఇద్దరం మీరంటే ఎంత గౌరవంగా మాట్లాడుకునేవాళ్ళమో తెలుసా? ఎంత ఓపికండీ ఆయనకి, ఒక్కసారి కూడా విసుక్కోలేదు అని."

అతను తల కొట్టేసినట్టు నిలబడ్డాడు.

"మా పెదనాన్న నా ఉద్యోగమే తీశారు. మీరు ఆ సంగతి దాచి, ఇంకోటి రాకుండా అడ్డుపడి, నా పని మీద నాకున్న నమ్మకం కూడా తీశారు. దానికి ప్రేమని పేరు పెట్టుకున్నారు."

డబ్బా, గొడుగు తీసుకుంది. కిందికి వెళ్ళి పెదనాన్నతో పెళ్ళి వద్దని రెండు ముక్కల్లో చెప్పింది. ఏమైందే, బంగారంలాంటి కుర్రాడు కదే అని ఆయన వెంటపడ్డాడు. బయట వాన కురుస్తోంది. గొడుగు విప్పకుండానే వెళ్ళిపోయింది.

కంపెనీ వాళ్ళు అతన్ని మెచ్చుకున్నారు. కళ్ళజోళ్ళ షాపులో ఇంపోర్ట్ ఎంత శుభ్రంగా జరిగిందో అందరికీ చూపించారు. ఆమెకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. వాళ్ళ గదికి వెళ్తే ఖాళీ చేసి వెళ్ళారన్నారు.

మళ్ళీ వానలొచ్చాయి. ఆఫీసులో పంచిన పనుల్లో ఒక ప్రింటింగ్ ప్రెస్ ఉంది, ఆమె స్నేహితురాలిదే అయ్యుంటుందనుకున్నాడు. అది పక్క సీటువాడికి పడింది. వాడికి రెండు పూటలు భోజనం పెట్టిస్తానని బతిమాలి అతనే బయలుదేరాడు. దారిపొడుగునా చెప్పాల్సిన మాటలు కూడబలుక్కున్నాడు.

ప్రెస్ వెనక గదిలో, కాగితాల కట్టల మధ్య, ఆమే కూర్చుని ఉంది. అతన్ని చూసి ఉలిక్కిపడలేదు.

"రండి. షీటు సిద్ధంగా ఉంది."

"బాగున్నారా అండీ? మీ అమ్మగారు?"

"బాగున్నాం. అద్దె గది, కాని మాదే. వచ్చేసరికి ఈ సీటు నిండిపోయిందన్నారు. ముందు కౌంటర్లో బిల్లులు కొట్టాను. ఇది మొన్ననే ఇచ్చారు."

షీటు తెరిచింది. అతను గబుక్కున ముందుకు వంగి చూశాడు. తెల్లటి షీటు. వరస వరసకీ పక్కన రకం రాసి ఉంది, ఖాళీ గడి అన్నది లేదు. పసుపు లేదు, నారింజ లేదు, గులాబీ అసలే లేదు.

"రంగులేవండీ?"

"మీ సాఫ్ట్‌వేర్‌కి రంగులు తెలీవన్నారుగా."

అతను కుర్చీలో కూర్చోబోతుంటే, ఆమే మౌస్ తీసుకుంది. ఫైలు ఎంచింది. చిన్న గడి నొక్కి, 'రోజు ముందు' అని పెట్టి, ఇంపోర్ట్ మీద నొక్కింది. అన్నీ ఎక్కాయి. ఒక్క వరస కూడా రిజెక్ట్ కాలేదు. అతను కూడబలుక్కున్న మాటల్లో మొదటిది కూడా ఇంకా బయటికి రాలేదు.

"మీరు నేర్పిందే," అంది. ఆ గొంతులో వెటకారం ఉంటే అతనికి కొంచెం హాయిగా ఉండేది. లేదు.

"నేను చేసింది తప్పేనండీ. ఏడాదిగా అదే ఆలోచిస్తున్నాను. మీకు ఇష్టమైతే మళ్ళీ మొదటి నుంచి..."

"మొదటి రోజు నుంచా?" అంది ఆమె.

పని పూర్తయినట్టు కాగితం మీద సంతకం చేసి ఇచ్చింది. అతను దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. ఆ నల్లటి ఫ్రేమును ఆమె ఒక్క క్షణం చూసి చూపు తిప్పుకుంది. బయట వాన పెద్దదైంది. గుమ్మం దగ్గర ఆగి, ఆమె అడుగుతుందేమోనని చూశాడు. అడగలేదు. చివరికి తనే అడిగాడు.

"రేపు కూడా రానా అండీ?"

"ఎందుకు? అయిపోయిందిగా."

మూల ఆనించి ఉన్న పూల గొడుగు తీసి అతనికి అందించింది. వెనక్కి తెచ్చివ్వక్కర్లేదని కూడా చెప్పింది.